కొత్తచెప్పు వేసిన ఓటు

ముందు గది, కిటికీ పక్క బల్ల
జూన్, మొదటి వాన పడ్డ రోజు

మరదలు పిల్లకి,

"అందరూ ఫోన్లలోనే మాట్లాడుకుంటే పోస్టాఫీసులో నా ఉద్యోగం ఏం కావాలి వదినా, నువ్వైనా ఓ స్టాంపు అంటించు" అని దెప్పావు కదా. ఇదిగో, అంటించాను. అయినా ఇంటర్నెట్టులో అందరం కలిసి రాసే మన విజ్ఞాన సర్వస్వం కబుర్లు చెప్పుకోవడానికి కాగితమే నయం. అక్కడి చర్చ పేజీలో ఏం రాసినా లోకమంతా చదువుతుంది. తర్వాత నాలిక్కరుచుకుని తుడిచేసినా పేజీ చరిత్రలో ఉండనే ఉంటుంది. నువ్వంటే 'చీమ' అని పేరు పెట్టుకుని నెలకోసారి వచ్చి రెండు కామాలు పెట్టి పోతావు, నీకేం భయం. నాకు అలా కాదు. లైబ్రరీలో క్యాటలాగు పని చేసి చేసి, రిటైరయ్యాక కూడా పొద్దున లేవగానే ఎవరేం తప్పు రాశారో చూడకపోతే తోచదు. నా వెనకాల అందరూ నన్ను కత్తెరమ్మ అంటున్నారట. అననీ.

అసలు సంగతి చెప్తాను. కొత్త సభ్యుడొకడు వచ్చాడు. పేరు చూడు, 'కొత్తచెప్పు' అట! వచ్చీ రాగానే గొడుగు పేజీ మీద పడ్డాడు. "గొడుగు ఇంట్లో మర్చిపోయిన రోజే వాన వస్తుంది. ఇది అందరికీ తెలిసిన విషయం" అని రాసేశాడు. మూలం లేదు, పుస్తకం లేదు, ఏమీ లేదు. వాక్యం తీసేసి, అతని చర్చ పేజీలో మర్యాదగా రాశాను. నమస్కారమండీ, స్వాగతం, ఇక్కడ మనం రాసే ప్రతి మాటకీ అచ్చయిన మూలం ఒకటి చూపించాలండీ, అని.

వెంటనే జవాబు. "మూలం ఎందుకండీ? నేను కళ్లారా చూశాను, తడిశాను కూడా. నా కళ్లు చాలవా?"

నవ్వాగలేదు. కళ్లెందుకు చాలవో విడమర్చి పది వాక్యాలు రాశాను. "అయితే ఎవరో ముందు తడిసి, పుస్తకంలో రాస్తేగానీ నేను తడిసినట్టు కాదన్నమాట" అన్నాడు. దానికి ఇంకో పది. నిజంగా తెలియక అడుగుతున్నాడో, ఆట పట్టిస్తున్నాడో అర్థం కాలేదు. అయినా విసుక్కోలేదు సుమా! కొత్తవాళ్లని కసరకూడదన్నది మనం పెట్టుకున్న మొదటి మర్యాద. నాకు కత్తెరమ్మ అని పేరు పెట్టినవాళ్లు వచ్చి చూడాలి నా ఓపిక.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. లిఫ్టుల కంపెనీ నుంచి రిటైరైన దగ్గర్నుంచీ వెనక గదే ఆయన లోకం. మీ మేనకోడలు కొనిచ్చిన ట్యాబ్ పట్టుకుని కూర్చుంటారు, ఏం చూస్తారో ఏమో. నేను ముందు గది, ఆయన వెనక గది. గొడవా లేదు, గోలా లేదు.

మీ వదిన


క్వార్టర్సు, వంటగట్టు మీద
జూలై

వదినకి,

నీ కవరు తిన్నగా నా సార్టింగ్ బల్ల మీదికే వచ్చింది తెలుసా? చేత్తో రాసిన అడ్రసు చూసి మా సూపర్‌వైజరు "ఇంకా ఇలాంటివాళ్లున్నారా" అన్నాడు. మా వదినండీ అన్నాను, కాలరెగరేసి.

గొడుగు పేజీ చరిత్ర తవ్వి మరీ చదివాను. ఆ వాక్యం ఉంచితే నీ సొమ్మేం పోయింది తల్లీ? కొత్త చెప్పు ఎవరినైనా కరుస్తుంది. నాలుగు రోజులు తొడుక్కుని చూడు, మూలన పడేయకు. మాట తీరు బాగుంది ఆయనది. మంచివాడేమో అనిపిస్తోంది.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. ముక్కూమొహం తెలియని మనిషికి, మూలం అంటే ఏమిటో చెప్పడానికి ఇరవై వాక్యాలు రాశావు. లెక్క తప్పు కాదు, నువ్వే చెప్పావు. అన్నయ్యతో ఇరవై వాక్యాలు వరసగా మాట్లాడి ఎన్నాళ్లయిందే?

నీకు చెప్పాలనున్నవి కొన్ని ఉన్నాయి. చెప్పకూడనివీ ఉన్నాయి. రెండూ ఒకటే కావడం నా ఖర్మ. ఉంటాను, పొయ్యి మీద పాలు పొంగేట్టున్నాయి.

నీ మరదలు


ముందు గది
ఆగస్టు

మరదలా,

నీకు వెటకారం బాగా ముదిరింది. పెళ్లయి ఇన్నేళ్లయ్యాక వాక్యాలేం ఉంటాయే? గ్యాస్ అయిపోయింది, కరెంటు బిల్లు వచ్చింది, మందు వేసుకున్నారా. వీటికి ఒక్కో ముక్క చాలు. చాలకపోతే 'ఊ' ఉండనే ఉంది.

కొత్తచెప్పుగారి గురించి నువ్వన్నది నిజమే. (చూశావా, నాకు తెలియకుండానే 'గారు' చేరిపోయింది.) ఆయన ఇప్పుడు గొడుగుల చరిత్ర మీద ఓ పుస్తకం సంపాదించి, పేజీ నంబరుతో సహా మూలం ఇస్తున్నారు. అలా అని కుదురుగా ఉంటారా, ఉండరు. దిండు పేజీలో "దిండు కింద పెట్టిన వస్తువు పొద్దున్నకి దొరకదు" అని రాస్తారు. నేను తీసేస్తాను, ఎందుకు తీశానో రాస్తాను. మర్నాడు తాళం పేజీలో ఇంకేదో. పొద్దున కంప్యూటరు తెరుస్తూ, ఇవాళ ఏం పాడుచేశారో అని ముందు ఆయన పేరే వెతుక్కుంటున్నాను. చెప్తే నవ్వుతావు.

మొన్న లాయరుగారికీ నాకూ తగువు పడింది. తెలుసుగా, కోర్టు మానేసి మన మీద వాదనలు ప్రాక్టీసు చేసే పెద్దమనిషి. పేజీ పేరు 'లైబ్రరీ' అని ఉండాలా, 'గ్రంథాలయం' అని ఉండాలా అని వారం నుంచి జుట్లు పట్టుకుంటున్నాం. మధ్యలో కొత్తచెప్పుగారొచ్చి, "పెద్దలిద్దరూ ఓసారి లేచి మంచినీళ్లు తాగి రండి. పేజీ ఎక్కడికీ పారిపోదు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ లేచి వెళ్లి తాగొచ్చాను, నిజంగా.

ఆ తర్వాత "భోంచేశారా?" అని అడిగారు. చర్చ పేజీ కబుర్లకు కాదండీ అని రాశాను. రాసి, ఓ నిమిషం ఆగి, "చేశాను" అని చేర్చాను.

ఇంకోటి కూడా రాశాను. ఇంత బాగా చెప్తారు, మీరు టీచరా అని అడిగారు. కాదండీ, క్యాటలాగు సెక్షన్‌లో పనిచేశాను, హెడ్ అవ్వాలని చాలా ఆశపడ్డాను, నా తర్వాత చేరిన అమ్మాయికిచ్చారు, ఆ సాయంత్రం బస్సులో మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను, అని రాసేశాను. లోకమంతా చదివే చోటు అన్న మాట ఆ తర్వాత తట్టింది. మీ అన్నయ్యకి కూడా ఏనాడూ చెప్పలేదు ఆ సంగతి. మొహం కడుక్కునే ఇంటికెళ్లాను అప్పుడు. ఎందుకో ఈ మనిషికి చెప్పాలనిపించింది.

అన్నట్టు అసలు కబురు. వచ్చే నెల నన్ను నిర్వాహకురాలిగా ఎన్నికకి నిలబెడుతున్నారు! పేజీలు తీసేసే అధికారం, అల్లరి చేసేవాళ్లని నిరోధించే అధికారం, అన్ని తాళాలూ చేతికొస్తాయి. పైసా జీతం లేదు. అయినా చెప్పనా, అక్కడ రాని కుర్చీ ఇక్కడైనా రావాలని చాలా కోరికగా ఉంది.

మొన్న భోజనం దగ్గర మీ అన్నయ్య, ఉన్నట్టుండి, "ఇవాళ ఏం దిద్దావు?" అని అడిగారు. ఎన్నడూ లేంది! "మీకు అర్థం కావులెండి" అన్నాను. తలూపి మజ్జిగ పోసుకున్నారు.

మీ వదిన


సార్టింగ్ హాలు, టీ విరామంలో
ఆగస్టు ఆఖరు

వదినా,

గబగబా రాస్తున్నాను, కోడిగీతలు క్షమించు.

ఇది చదవగానే లేచి వెనక గదిలోకి వెళ్లు. అన్నయ్య పక్కన కూర్చుని, ఆ ట్యాబ్‌లో ఏం చూస్తున్నాడో అడుగు. అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే ఉండు. ఇంతకంటే నన్నేమీ రాయనీయకుండా ఒకరు ఒట్టు వేయించుకున్నారు.

రెండోది. ఎన్నికలో కొత్తవాళ్లెవరినీ నీకు ఓటు వెయ్యొద్దను. కొత్తచెప్పుగారితో కూడా చెప్పు. లాయరు సంగతి తెలుసుగా, వెంట్రుక దొరికితే తాడు పేనుతాడు.

వెళ్తావు కదూ?

నీ మరదలు


ముందు గది
సెప్టెంబరు

మరదలికి,

నీకు ముందే తెలుసు. అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశారు.

నువ్వు వెనక గదిలోకి వెళ్లమన్నావు. ఎన్నిక హడావిడిలో వెళ్లలేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఓటు వెయ్యొద్దని కొత్తచెప్పుగారితో చెప్పమన్నావు. అదీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆయన ఓటు కోసమే ఎదురుచూశాను.

వేశారు. "ఈవిడ ఓపికకి అంతు లేదు. ఏమీ తెలియని నన్ను కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పింది. ఇంత చక్కగా మాట్లాడే మనిషి ఎదురుగా ఉంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. ఈవిడకే నా ఓటు" అని. మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను.

సాయంత్రానికి లాయరుగారు అర్జీ పెట్టారు. వేసవిలో పుట్టిన ఖాతా, కత్తెరమ్మ వెంటే తిరుగుతుంది, ఆమెనే పొగుడుతుంది, ఎవరో తనిఖీ చెయ్యండి అని. నేనే అన్నాను, చెయ్యనివ్వండి, దాచుకునేదేముంది అని! తనిఖీ చేసేవాళ్లు మర్నాడు తేల్చారు. కొత్తచెప్పు ఖాతా, నా ఖాతా, రెండూ ఒకే ఇంటి ఇంటర్నెట్టు నుంచి నడుస్తున్నాయట.

అంటే నేనే దొంగ ఖాతా తెరిచి నాకు నేనే ఓటు వేసుకున్నానని. "పాపం, భోంచేశారా అని తనని తానే అడిగి, చేశానని తనకి తానే చెప్పుకుంది" అని రాశారు లాయరుగారు. కింద ఎన్ని నవ్వులో. ఆరేళ్లుగా కట్టుకున్న పేరు నా కళ్లముందే బూడిదైపోతోంది.

ఇంట్లో ఉన్నదే ఇద్దరం. లేచి వెళ్లాను వెనక గదిలోకి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ట్యాబ్ చూస్తున్నారు. "మీరేనా?" అన్నాను. "ఊ" అన్నారు. ఇంకేదో చెప్పబోయారు. నేను ఆగలేదు. ముందు గదిలోకి వచ్చి తలుపేసుకుని ప్రకటన రాశాను. నీకెలాగూ కనిపిస్తుంది కాబట్టి ఇక్కడే రాసేస్తున్నాను.

"ఆ ఖాతా నాది కాదు. మా ఇంట్లో ఉండే ఒక వ్యక్తి కాలక్షేపం కోసం దాన్ని తెరిచారు. ఆయనకు విజ్ఞాన సర్వస్వం గురించి గానీ, దాని విలువల గురించి గానీ ఏమీ తెలియదు. ఆయన రాతలతో నాకు ఎలాంటి సంబంధం లేదు. ఆ ఖాతాను శాశ్వతంగా నిరోధించి, అందులోంచి రాసినవన్నీ తొలగించవలసిందిగా కోరుతున్నాను."

కోరినట్టే చేశారు. ఓటు రద్దు చేశారు. ఆ ఒక్క ఓటూ లేకుండానే నెగ్గాను. తాళాలు వచ్చాయి. అభినందించు.

మీ అన్నయ్య ఎప్పట్లాగే ఉన్నారు.

మీ వదిన


క్వార్టర్సు
అక్టోబరు

వదినా,

అభినందించలేను. పది రోజులు ఆగి రాస్తున్నాను, కోపంలో రాస్తే కాగితం చిరిగేది.

ముందు నా తప్పు. వానలకి ముందు అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన ఆ కంప్యూటర్లో ఎవరెవరితోనో ఎంత బాగా మాట్లాడుతుందో తెలుసా? రోజూ కూర్చుని చదువుతున్నాను. నేనూ వెళ్లి మాట్లాడొచ్చా? నన్ను రానిస్తారా?" అని అడిగాడు. నీకేంటన్నయ్యా, రాజాలా వెళ్లు అని ఖాతా తెరవడం నేనే చెప్పాను. ఒకే ఇంట్లోంచి ఇద్దరు రాస్తుంటే ముందే చెప్పుకోవాలని ఒక నియమం ఉందే, అది మాత్రం చెప్పలేదు. నాకు గుర్తే లేదు. చీమని, కామాల దగ్గరే ఆగిపోయింది నా చదువు. గుర్తొచ్చేసరికి మీ కబుర్లు అంత బాగా సాగుతున్నాయి, చెడగొట్టడానికి నాకు నోరు రాలేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి నీకు చెప్పేయాల్సింది. చెప్పలేదు. దానికి నా చెంపలు నేనే వాయించుకుంటున్నాను.

ఇక నీ సంగతి. గొడుగు మీద, దిండు మీద అన్నయ్య రాసిన పిచ్చి వాక్యాలున్నాయే, అవి ఉండవని తెలిసే రాసేవాడు. "సరిగ్గా రాస్తే మీ వదిన రాదే. తప్పు రాస్తే వస్తుంది, వచ్చి నాలుగు మాటలు చెప్పి పోతుంది" అన్నాడు నాతో. వినగానే నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు. లిఫ్టు పేజీ ఒక్కటే ముట్టుకోలేదు చూడు. జీవితమంతా చేసిన పని, దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. రాస్తే నువ్వు పట్టేసుకుంటావని.

చిన్నప్పుడు ఓసారి నన్ను పనికి తీసుకెళ్లాడు. ఏదో ఆఫీసులో లిఫ్టు ఆగిపోయి లోపల ఒకావిడ ఇరుక్కుంది. అన్నయ్య పైన పని చేస్తూనే ఆవిడతో ఒకటే మాటలు. ఏ ఊరమ్మా, ఎంతమంది పిల్లలు, ఇవాళ ఏం వండావు అని. అంత వాగుడు మనిషి. నీ ఇంట్లో ఆయన నోరు ఎప్పుడు మూతపడిందో నీకు గుర్తుందా? నాకైతే తెలీదు.

నీకు హెడ్ కుర్చీ రాలేదని చర్చ పేజీలో రాశావే, ఆ రోజు కూడా ఫోన్ చేశాడు. "ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నానే. మొహం చూసి కూడా కనుక్కోలేకపోయాను" అన్నాడు.

నీ ప్రకటన నేనూ చదివాను. అంతా నియమం ప్రకారమే ఉంది, వంక పెట్టడానికి లేదు. "మా ఇంట్లో ఉండే ఒక వ్యక్తి." వదినా, మా ఆయన అని రాయడానికి నీకు చెయ్యి రాలేదా? ఆ మాట రాసినా నీ పేరు నిలబడేదే కదా. ఆ ఒక్క మాట రాస్తే ఏం పోయేది?

ఇంకేం రాయను. అద్దెకున్నవాణ్ణి కూడా అలా అనవు నువ్వు.

నీ మరదలు


వెనక గది గుమ్మం దగ్గర, కుర్చీ వేసుకుని
నవంబరు

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివిన రోజు వంట చెయ్యలేదు. తిట్టు, ఇంకా తిట్టు. నువ్వు కాకపోతే నన్ను తిట్టేవాళ్లెవరున్నారు?

మా ఆయన అని ఎందుకు రాయలేదో చెప్పనా? సిగ్గేసింది. మొగుడూ పెళ్లాలు ఇంట్లో మాట్లాడుకోవడం చేతకాక ఊరందరి ముందూ మీరు, అండీ అంటూ కబుర్లాడుకున్నారని నవ్వుతారని. నా పేరు, నా ఓటు, నా కుర్చీ, అవే కనబడ్డాయి. పక్క గదిలో కళ్లజోడు నుదుటి మీద పెట్టుకున్న మనిషి కనబడలేదు.

ఆయన రాసినవన్నీ పేజీల చరిత్రల్లోంచి తీసి మొదట్నుంచీ చదివాను. గొడుగు, దిండు, తాళం. మా ఇంట్లో వస్తువులేనే అన్నీ! మా గొడుగు, మా దిండు, పెరటి తలుపుకి వేసే మా తాళం. ఆయన వెనక గదిలోంచి కళ్లెత్తితే కనబడేవి. ఒక్కటైనా గుర్తుపట్టలేదు నేను. ఇంట్లో వస్తువులే కనబడని నన్నా, అందరి తప్పులూ పట్టే కత్తెరమ్మ అన్నది!

తాళాలు చేతిలో ఉన్నాయి కదా. సొంత ఇంటివాళ్ల విషయంలో నిర్వాహకులు చెయ్యి పెట్టకూడదని నియమం. నేను నలుగురికి నూరిపోసిన నియమమే. అయినా పెట్టాను. నిరోధం ఎత్తేశాను. ఎత్తేసి, ఆ ప్రకటన కిందే రాశాను. "కొత్తచెప్పు నా భర్త. ఆయన నాతో మాట్లాడటానికి ఇక్కడికి వచ్చారు. నేను పైన రాసినది తప్పు. ఆయనకు క్షమాపణ చెప్పుకుంటున్నాను."

లాయరుగారు గంటలో వచ్చి నియమం చదివి వినిపించారు. ఆయనన్నది ముమ్మాటికీ నిజం. తాళాలు తిరిగిచ్చేశాను. అన్నేళ్లు ఆశపడ్డ కుర్చీ, చేజారిపోతుంటే ఏమీ అనిపించలేదు నాకు. సంతోషంగా కూడా ఉంది, చెప్తే నమ్ముతావో లేదో. ఆయనకి చెప్పొచ్చని పరుగులాంటి నడకతో వెనక గదికి వెళ్లాను.

చొక్కాకి బొత్తాం కుట్టుకుంటున్నారు. ట్యాబ్ కనబడలేదు. అడిగితే, మన అమ్మాయికి తిరిగి ఇచ్చేశానన్నారు. ఎప్పుడిచ్చారో కూడా నేను చూడలేదు.

"ఏవండీ, మీ ఖాతా మళ్లీ తెరిచాను. ఇక మీరెప్పుడైనా రాసుకోవచ్చు. కావాలంటే నా కంప్యూటరు తీసుకోండి" అన్నాను.

"ఇంక నాకెందుకులే" అన్నారు. గొంతులో విసుగు లేదు. ఉంటే బాగుండేది.

"నా మీద కోపమా?"

"కోపమెందుకు? నువ్వు రాసింది ఉన్నదే కదా. నాకేం తెలుసని అక్కడికి వెళ్లాను?" సూదిలో దారం అయిపోతే మళ్లీ ఎక్కించుకున్నారు. ఎక్కించమని నన్నడుగుతారేమోనని చూశాను, అడగలేదు. కాసేపటికి ఆయనే అన్నారు. "అక్కడ ఒకావిడ ఉండేది. ఏం అడిగినా విసుక్కోకుండా చెప్పేది. భోంచేశారా అంటే, ముందు ఇది కబుర్లకు కాదని, తర్వాత చేశాననేది. ఒకరోజు తన బాధ కూడా చెప్పుకుంది. ఆవిడ కోసం వెళ్లేవాణ్ణి."

"ఆవిడ నేనేనండీ" అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు.

తలెత్తి చూశారు. నవ్వారు కూడా, ఎంత మెత్తగానో. "నువ్వే. కానీ ఆవిడకి నేనెవరో తెలీదు కదా" అన్నారు.

ఎవరో అనుకున్నాను కాబట్టే అంత బాగా మాట్లాడాను, నిజమే. మీ అన్నయ్యని తెలిస్తే 'ఊ' అనేదాన్ని.

అప్పట్నుంచి రోజూ వచ్చి ఆయన పక్కన కూర్చుంటున్నాను. బస్సులో కొత్త మనిషి ఎక్కితే జరుగుతారు చూడు, అలా మర్యాదగా జరిగి నాకు చోటిస్తున్నారు.

మీ వదిన